సింకులో గిన్నెలు

తమ్ముడూ, నువ్వు డ్యూటీకి వెళ్లాక అన్నయ్యకు కుడిచెయ్యి, మాట పడిపోయాయి. ఫోను ఎత్తలేదు నువ్వు. బట్టల కోసం వచ్చి మళ్లీ ఆసుపత్రికి వెళ్తున్నాను. అన్నం తిను. కూరలో ఉప్పు తగ్గించాను. ఇవాళ నా జోకుల్లోనూ లేదు.

బీపీ మిషను నీ మంచం మీద పెట్టాను. కాసేపు కుదురుగా కూర్చుని చూసుకో. ఎక్కువ వచ్చినవాళ్లు గిన్నెలు తోమాలనే పందెం ఇక వద్దు. బీపీ బాగానే ఉంది కదా అని అన్నయ్య మాత్ర మానేశాడట. బాగుంచిందే ఆ మాత్ర, ఆ మాత్రం తెలియలేదా! డాక్టరు చెబుతుంటే తలూపాను. ఏడుపు కూడా రాలేదురా. నీ మాత్ర నువ్వు మానకు.

– అక్క

అన్నట్టు, రాత్రి పందెం ఓడింది అన్నయ్యే. "పొద్దున తోముతాలే" అంటే మనం నవ్వాం. సింకులో గిన్నెలు ముట్టుకోకు. తనే వచ్చి తోముతాడు.