కోడలిని అడగవలసిన ప్రశ్న

కర్నూలు, 12-8-57

చిరంజీవి ఓబులేసుకు అవ్వ ఆశీస్సులు. నీ భార్య చెన్నమ్మను మద్రాసు పిచ్చాసుపత్రికి పంపడానికి నీకు వచ్చిన కాయితం మీద సంతకం పెట్టవద్దు.

ఇక్కడి పెద్దాసుపత్రి డాక్టరు ఇంగ్లండు నుంచి తెప్పించి తెలుగు చేయించిన ప్రశ్నలతో జబ్బును కొలుస్తాడు. "ఒక్కదానివే తింటావా?" అంటే చెన్నమ్మ ఔనంది. "మగవాళ్లు వస్తే పక్కకు తప్పుకుంటావా?" అన్నా ఔనంది. ఔనన్న ప్రతిదానికీ పిచ్చి ఉందని ఒక మార్కు. నీకు బళ్లో ఏనాడూ అన్ని మార్కులు రాలేదు.

నిన్న నేనే పోయి, "ఏమప్పా, మా పక్క కోడండ్లంతా అందరూ తిన్నాకనే తింటారు, మగోళ్లొస్తే పక్కకు పోతారు. వాళ్లందర్నీ మద్రాసుకు పంపల్లంటే రైళ్లు చాలవు" అన్నాను. ఆయన నవ్వి, "మరి ఏమడగల్ల అవ్వా?" అన్నాడు. "ఆకలై తింటాండావా అని అడుగు" అన్నాను.

అడిగేసరికి చెన్నమ్మ ఏడ్చింది. "బిడ్డ పోయినప్పట్నుంచి ఆకలే ల్యా సార్. అవ్వ తిడుతాదని తింటాండా" అంది. రాత్రి తిట్టకుండా అన్నం కలిపి పెట్టాను. నువ్వు నమ్మవు గాని నిజం.

ఇది పిచ్చి కాదు, దిగులు, ఇక్కడే నయం చేస్తానన్నాడు డాక్టరు. ఆ రెండు ప్రశ్నలూ కొట్టేసి నా ప్రశ్న రాసుకున్నాడు.

బర్రె ఈనిందా? చెన్నమ్మ చీరలు రెండు ఎవరితోనైనా పంపు. నెల్లాళ్లలో ఇద్దరం వస్తాము. ఇకమీదట మేము ముందు కూర్చుంటాము. వడ్డించడం నేర్చుకో. దేవుడు మిమ్మల్నిద్దరినీ చల్లగా చూడాలి.

మీ అవ్వ,
సుబ్బలక్ష్మమ్మ