కుర్చీ మీది గాజు తువ్వాలు

అమ్మాయి వాళ్ళమ్మకు,

నేను క్షేమం. చేతికి దెబ్బేమీ తగల్లేదు గానీ గుండెదడ ఇంకా తగ్గలేదు. నిన్న మ్యూజియంలో అమ్మాయీ, తనతో పనిచేసేవాళ్ళూ చేసిన గాజు వస్తువుల ప్రదర్శనకు వెళ్ళాను. అక్కడొక కుర్చీ మీద, పోయిన ఏడాది మనింట్లో మాయమైన నా నీలం అంచు తువ్వాలు కనిపించింది. మూలన నువ్వు వేసిన అతుకు కూడా ఉంది. ఇక్కడికెలా వచ్చిందబ్బా అనుకుంటూ తీసి భుజాన వేసుకోబోయాను. రాయంత బరువు! మూల కుర్చీకి తగిలి టింగుమని విరిగింది. అది మొత్తం గాజు! కాపలావాళ్ళు పరుగెత్తుకొచ్చారు. నేను దాన్ని రెండు చేతులా పట్టుకున్నాను.

"కదలకు నాన్నా!" అంటూ అమ్మాయి వచ్చి, దాన్ని పసిబిడ్డలా అందుకుంది. కొలిమి దగ్గర తనతో నెలల తరబడి కష్టపడ్డ పనివాడు తల పట్టుకున్నాడు. అమ్మాయి మాత్రం విరిగిన చోటు చూసి నవ్వేసింది.

"సరిగ్గా అమ్మ అతుకేసిన మూలే! అసలుదీ ఇక్కడేగా చిరిగింది నాన్నా. ఇలాగే ఉండనీ" అని మళ్ళీ కుర్చీ మీదే పెట్టింది.

నమూనా కోసం మన తువ్వాలు చెప్పకుండా పట్టుకెళ్ళింది తనేనట. మనం పాపం ఇస్త్రీ అతన్ని అనుమానించి మాన్పించేశాం. నేను వచ్చేదాకా ఆగకు, ఈరోజే వెళ్ళి అతనితో మాట్లాడు. బట్టలు మళ్ళీ అతనికే వెయ్యి.

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? నూనె రాస్తున్నావా? మన చిన్నమ్మాయికి నా దీవెనలు.

అసలు తువ్వాలు అమ్మాయి తిరిగి ఇచ్చేసింది. ముందు ఇస్త్రీ అతనికి చూపించి, ఆ తర్వాతే భుజాన వేసుకుంటాను.