వంకరగా కట్టిన రిబ్బన్లు

అలిగి మూతి ముడుచుకున్న బావగారి దివ్యసముఖానికి,

ఇందుమూలంగా సమస్త బంధుకోటికీ తెలియజేయడమేమనగా, మా వంటింటి కుర్చీ కాలు ఊగడం నేటి ఉదయంతో ఆగిపోయినది. దాని కింద అట్టముక్క దోపిన ఘనత పూర్తిగా నాది. ఇందులో మీ చెల్లెలికి ఏ వాటా లేదు.

ఇక చిన్న విషయం. అడవి మిగిలింది. చెట్లు కొట్టరు, మధ్యలోంచి రోడ్డు వెయ్యరు. రోడ్డు ఎటు వెయ్యాలో తేల్చే కమిటీవాళ్లు నిన్న సంతకాలు పెట్టేశారు. రోడ్డు పాత క్వారీ పక్కనుంచి చుట్టు తిరిగి పోతుందట. నా బస్సు ఎప్పటిలాగే ఆఖరి స్టాపులో అడవి గేటు ముందు ఆగుతుంది. కర్ర పట్టుకున్న ముసలమ్మ కూడా బస్సు దిగి నేరుగా చెట్ల నీడలోకి నడిచిపోవచ్చు.

నువ్వు ఫోను ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. నా రాత చూసి నవ్వుకుంటే నవ్వుకో, నేను బడి ఎగ్గొట్టి పోయింది కూడా ఆ అడవిలోకే. నీ కోపం ఎందుకో నాకు తెలుసు. నువ్వు రోడ్డు కంపెనీలో సర్వే పనివాడివి. మీ చెల్లెలే కమిటీ ముందు నీ సంగతి బయటపెట్టింది, మీ మేస్త్రీ నీకు గడ్డి పెట్టాడు. "తోడబుట్టినదే నన్ను బజారుకీడ్చింది" అన్నావట.

అసలు జరిగింది విను. "ఇక్కడికి జనం రారు" అని కంపెనీ ఫైల్లో రాసుంది. కొట్టాల్సిన చెట్లకి రిబ్బన్లు కట్టడం నీ పని. యంత్రం చూపిన తిన్నని గీత వెంట కట్టుకుంటూ పోవాలి. నువ్వేం చేశావు మహానుభావా? గీత వదిలేసి, వంకర తిరిగిన కాలిబాట వెంబడి కట్టుకుంటూ పోయావు. ఆదివారం నా బస్సులోనే వచ్చిన కమిటీ, నీ రిబ్బన్లు చూసుకుంటూ ఆ బాట పట్టింది. బాట నిండా జనమే. చక్రాల కుర్చీలో ఒకాయన, చంటిదాన్ని వీపున కట్టుకున్న తల్లి, ఒకరినొకరు తిట్టుకుంటూ నడిచే రిటైరైన మాస్టార్లు.

"ఆదివారం కదండీ, ఏదో సరదాకి వచ్చారు" అన్నాడు కంపెనీ ఇంజనీరు.

"ఆదివారం వచ్చేవాళ్లు జనం కారా బాబూ?" అన్నాను. డ్రైవరు బస్సు దగ్గరే ఉండాలన్నారు. నేను ఆ బాట మీంచి కదల్లేదనుకో.

అప్పుడు కమిటీ అధ్యక్షురాలు, ఎప్పటిలాగే నడకకొచ్చిన మీ చెల్లెల్ని పట్టుకుని, ఈ రిబ్బన్లు ఇంత వంకరగా కట్టిందెవరని పదేపదే గద్దించింది. పాపం, ఏం చేస్తుంది?

"మా అన్నయ్యండీ" అంది. "నా కాలికి ఆపరేషనయ్యాక డాక్టరు నడవమన్నాడు. రోడ్డు మీద బండ్లంటే భయం. అన్నయ్య పని మానుకుని, నా చెయ్యి పట్టుకుని ఈ బాట మీదే నడిపించాడు. ఆయన కాళ్లకి ఈ అడవిలో ఇంకో దారి తెలీదు. జనం రారని రాశారు కదా, మరి మేమెవరం?"

ఇంజనీరు ఫైలు మూసేశాడు. బావా, ఆమె గొంతు అంత గట్టిగా లేవడం నన్ను తిట్టేటప్పుడు తప్ప నేనెన్నడూ వినలేదు. ఇలాంటిదాన్నా నేను చేసుకున్నది అని మీసం లేని చోట కూడా మెలేసుకున్నాను.

నిన్ను క్వారీ వైపు పనికి మార్చారని విన్నాను. మంచిదే, అక్కడ నీకు అలవాటైన బాటలేవీ లేవు, గీత తిన్నగా వస్తుంది. ఈ ఆదివారం నా బస్సెక్కు. కోపం ఇంట్లో పెట్టి రా.

నీ చెల్లెలి మొగుడు,
ఆఖరి స్టాపు డ్రైవరు

సంతకం పెట్టాక మనసొప్పలేదు. అధ్యక్షురాలు గద్దించిందని రాశాను చూడు, అది శుద్ధ కల్పన. అలా రాస్తే నీ కోపం దిగుతుందనుకున్నాను. ఎవరూ గద్దించలేదు, అసలు ఎవరూ అడగలేదు. మీ చెల్లెలే అందర్నీ తోసుకుని ముందుకొచ్చి, తలెత్తి, తనంతట తనే చెప్పింది, ఈ రిబ్బన్లు కట్టింది మా అన్నయ్య అని.