నలభయ్యో అంతస్తులో పొద్దు

అమ్మకు సలాం. నేను కులాసా, ఉపవాసం ఒక్కటీ తప్పలేదు.

నిన్న నలభయ్యో అంతస్తులో పడమటి కిటికీలకు రంగు వేస్తున్నాను. కింద మసీదులో బాంగు వినబడగానే నీళ్లసీసా మూత తీశాను. మా ముసలి మేస్త్రీ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగవయ్యా! పొద్దు మునిగింది కిందవాళ్లకి. నీకు ఎదురుగా కనబడుతోందిగా?" అన్నాడు. నిజమే, ఎర్రటి అంచు ఇంకా ఉంది.

అది మునిగే రెండు నిమిషాలూ నువ్వే గుర్తొచ్చావు. చిన్నప్పుడు పొద్దు చూసి చెప్పమని నన్ను డాబా ఎక్కించేదానివి. ఓసారి ఆకలికి తాళలేక, కళ్లముందు కనబడుతున్నా "మునిగిందమ్మా" అని అరిచాను. నువ్వు ఖర్జూరం నోటిదాకా తెచ్చి, దిగొచ్చిన నా మొహం చూసి ఆగిపోయావు. "ఎక్కడున్నవాడికి అక్కడి పొద్దేరా లెక్క. నీకు కనబడిందా, లేదా?" అన్నావు.

మరి ఇప్పుడు నువ్వు చేస్తున్నదేమిటి? మీకంటే గంటన్నర ఆలస్యంగా ఇక్కడ పొద్దు మునుగుతుంది. అప్పటిదాకా నువ్వూ నీళ్లు ముట్టడం లేదని చెల్లి రాసింది. "వాడు దాహంతో ఉంటే నాకెలా దిగుతుందే" అంటున్నావట. షుగరు మనిషివి, ఇదేం మొండితనమమ్మా?

వంటింటి కప్పు కారడం ఆగిందా? నాన్న కొత్త కళ్లద్దాలు పెట్టుకుంటున్నారా, పెట్టెలోనే దాచారా? చెల్లికి దీవెనలు.

కార్డు నిండిపోయింది. నా చేతిగడియారం ఇంకా మనింటి వేళకే ఉంది. రోజూ అది చూసి, "మా అమ్మ ఈపాటికి నీళ్లు తాగుంటుంది" అని మేస్త్రీతో చెబుతున్నాను. ఆనాడు డాబా మీద ఆడిన అబద్ధం చాలమ్మా, నాచేత మళ్లీ ఆడించకు.

నీ పెద్దోడు