నంబర్ వన్ జెర్సీ

ఫిబ్రవరి 4, 1979, ఆదివారం

జగ్గయ్యపేట అమ్మాయిలు మా మీద మూడు గోల్స్ కొట్టారు. మూడూ నా చేతుల్లోంచే జారిపోయాయి. లీగ్‌లో ఇంకొక్క మ్యాచే ఉంది, అదీ వాళ్లతోనే. నందిగామ ఆడపిల్లలకి ఫుట్‌బాల్ ఏమిటని నవ్వేవాళ్లకి ఇవాళ పండగ. మా కోచ్ స్తెఫను మాస్టారు బంతులు సంచిలో వేసుకుని వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది.

ఫిబ్రవరి 7, బుధవారం

ప్రాక్టీసులో జైబున్నీసా కొట్టిన బంతి గోల్ మీదుగా ఎగిరి, పక్కన కడుతున్న స్కూలు గోడ పరంజా మీదికి పోయింది. అక్కడ ఒకామె నిలబడి, కింది నుంచి విసిరే ఇటుకలు అందుకుంటోంది. ఎడంచేతిలో ఇటుక, కుడిచేత్తో బంతి పట్టేసింది. రెండూ కింద పడలేదు.

పేరు ఆదెమ్మ. తాపీమేస్త్రి పుల్లయ్య భార్య. ఇరవై ఏళ్లుంటాయేమో. ఇసుక గుట్ట మీద ఏడాది పాప ఆడుకుంటోంది. మాస్టారు మా టీమ్‌లోకి రమ్మంటే ముందు నవ్వింది, తర్వాత మొగుడి వైపు చూసింది. పని దిగాక దాని ఇష్టమండి అన్నాడతను.

ఫిబ్రవరి 10

ఆదెమ్మకి బంతంటే భయం లేదు. కంకర మీద పడి, లేచి, మోచేతులు దులుపుకుంటుంది. రూల్సే తెలియవు. ఇవాళ బంతి చేత్తో పట్టుకుని సగం గ్రౌండు పరిగెత్తింది. అందరం పడీ పడీ నవ్వాం. తనూ నవ్వింది.

ఫిబ్రవరి 15

ఆమె బాగా ఆడుతుంటే నాకు కడుపు మండుతోంది.

ఫిబ్రవరి 22, గురువారం

ఆదివారం మ్యాచ్‌కి విజయవాడ నుంచి జిల్లా టీమ్ సెలెక్టర్లు వస్తున్నారట. గోల్‌లో ఎవరు నిలబడాలో కెప్టెన్‌వి నువ్వే చెప్పమన్నారు మాస్టారు. రెండేళ్లుగా గోలీ వేసుకునే ఆ నంబర్ వన్ జెర్సీ నాది. ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచించడానికేముంది? ఆమె ఆట ఒక్కసారి చూసినవాళ్లకెవరికైనా తెలుస్తుంది. నోరే రావడం లేదు.

ఫిబ్రవరి 24

జెర్సీ ఉతికి, మడతపెట్టి, పరంజా దగ్గరికి తీసుకెళ్లాను. ఆదెమ్మ ముట్టుకోలేదు.

"మరి మీరేం చేత్తారు అమ్మాయిగారూ?"

"బ్యాక్ ఆడతా. నీ ముందే ఉంటా."

చేతులకున్న సిమెంటు కొంగుకి తుడుచుకుని అప్పుడు అందుకుంది.

ఫిబ్రవరి 25, సాయంత్రం ఏడు

జగ్గయ్యపేట నుంచి ఇప్పుడే వచ్చాను. కాళ్లు పీకుతున్నాయి. అయినా రాయాలి.

ఆదెమ్మ పుల్లయ్య ప్యాంటు వేసుకుని, నడుముకి తాడు బిగించుకుని దిగింది. చుట్టూ జనం ఈలలు. ఆమె బంతిని తప్ప దేన్నీ చూడలేదు. ఫస్టాఫ్‌లో ఐదు షాట్లు ఆపింది. హాఫ్ టైమ్‌లో మేమంతా సోడాలు తాగుతుంటే ఆమె గోల్ వెనక కూర్చుని, జెర్సీ మీద తువ్వాలు కప్పుకుని పాపకి పాలిచ్చింది. ఈలలు ఆగిపోయాయి. విజిల్ వినబడగానే పాపని మ్యాచ్ చూడ్డానికొచ్చిన పుల్లయ్యకిచ్చి మళ్లీ నిలబడింది.

సెకండాఫ్‌లో జైబున్నీసా మాకొక గోల్ కొట్టింది. ఇంకో ఐదు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా మా గోల్ ముందు బంతి పైకి లేచింది. నా చేతులు వాటంతటవే లేచి పట్టేశాయి. రెండేళ్ల అలవాటు. కానీ ఇవాళ గోలీని నేను కాదు. పెనాల్టీ.

నేలలో దూరిపోదామనిపించింది. ఆదెమ్మ నా దగ్గరికొచ్చి మెల్లగా అంది. "పోన్లెండి. ఇసిరేది ఇటుక కాదుగా."

కొట్టే అమ్మాయి ఎడమకి కొట్టింది. ఆదెమ్మ అప్పటికే అక్కడుంది. బంతిని గుండెకి హత్తుకుని పడుకుండిపోయింది. నేను ఏడుస్తూ ఆమె మీద పడ్డాను. మేం గెలిచాం.

తర్వాత సెలెక్టర్ వచ్చి ఏ కాలేజీ అని అడిగాడు. ఇటుకలందుకుంటానండి అంది. ఆయన కాలేజీ గడి ఖాళీగా వదిలేసి, పేరొక్కటే రాసుకున్నాడు. నా పేరు అడగలేదు. అడగనందుకు బాధపడతాననుకున్నాను. బస్సు నందిగామ చేరేదాకా ఆ సంగతే గుర్తు రాలేదు.

మార్చి 3

ఆదెమ్మని జిల్లా టీమ్ క్యాంపుకి పిలిచారు. విజయవాడలో, రేపే. పుల్లయ్యకి సెలవు లేదు, నేను వెంట వెళ్తున్నాను. మాస్టారు ఫారం నింపుతూ నా పేరు పక్కన 'పొజిషన్' దగ్గర ఏం రాయమంటావని అడిగారు.

పాపని ఎత్తుకోవడం అని రాయమన్నాను. రాశారు.