కుక్కర్ విజిల్ వినపడింది అక్కా

జగదల్‌పూర్,
బుధవారం.

పూజ్యురాలైన రాజ్యం అక్కకు తమ్ముడు కోటి నమస్కరించి రాస్తున్న సంగతులు.

నేనిక్కడ బాగానే ఉన్నాను. తింటున్నాను, తిడుతున్నాను, తిట్టించుకుంటున్నాను. నందిగామలో నువ్వూ, బావగారూ, శైలజా కులాసాగా ఉన్నారని ఆదివారం ఫోన్లో కళ్ళారా చూశాను కాబట్టి అడగనక్కర్లేదు. అయినా అడగడం మర్యాద. బావగారి షుగరు ఎలా ఉంది? ఆయన నవ్వుతుంటే పొట్ట విడిగా ఇంకో నవ్వు నవ్వుతోంది, కాస్త తగ్గించుకోమను. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? శైలజను మళ్ళీ బ్యాంకు పరీక్ష రాయమను. మొదటిసారి తప్పినంత మాత్రాన మన వంశం పేరేమీ పోదు, నేను పదో తరగతి మూడుసార్లు తప్పి ఆ పేరెప్పుడో తీసేశాను. నా గురించి మాత్రం బెంగ పెట్టుకోకు. బాగానే ఉన్నాను.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని బావగారు అంటారు. చెవిటి అక్కకు చెవిటి తమ్ముడు ఫోన్ చేస్తే పక్కవాళ్ళకు వినోదమే తప్ప మనకు మిగిలేదేముంది? వీడియోలో అయితే నువ్వు నా పెదాలు చూసి పట్టేస్తావు, నా మాట నీకు చేరుతుంది. నీ మాట నాకు చేరాలి కదా. ఆదివారం చేరలేదు. ఎందుకు చేరలేదో చివర్లో రాస్తాను. ముందే రాస్తే సగంలో చించి పొయ్యిలో పెడతావు, నాకు తెలుసు.

ఇక్కడ మూడు వారాలుగా ఒకటే వాన. మన జగ్గయ్యపేటలో వాన వస్తే వచ్చి పోతుంది. ఇక్కడిది అత్తారింటికి వచ్చిన అల్లుడిలా కదలదు. బట్టలు ఆరవు, అగ్గిపుల్ల వెలగదు. కొట్టు మీదే గది, ఒక్కడినే వండుకుంటున్నాను. గోంగూర దొరుకుతుంది గానీ నా చేతిలో పడి అది గడ్డవుతోంది. వీలైతే కందిపొడి, ఊరమిరపకాయలు ఎవరిచేతనైనా పంపు. వీలు కాకపోతే వద్దు, బాగానే ఉన్నాను.

ఇక చెవుల సంగతి. మా షావుకారుది స్టీలు సామాన్ల కొట్టు. ఆయన తాత నాడే మన వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. వచ్చినప్పటి నుంచీ నన్ను వెనక గదిలో కూర్చోబెట్టి గిన్నెలు తుడిపించాడు. కొనేవాళ్ళు చెంబు అడిగితే నేను జల్లెడ ఇస్తాను కనుక ఆయన తప్పు లేదు. నా చెవులు తిన్నది జగ్గయ్యపేటలో నాన్న కొట్టు పక్కన నేను పెట్టిన పిండిమరే, దానికి ఎవరిననుకోను? రెండు నెలల కిందట పిలిచి, నాకు తెలియాలని కాగితం మీద రాసి మరీ చూపించాడు. "చెవులకు మెషీన్లు పెట్టించుకో. నెల రోజులు చూస్తా. కౌంటర్లో పనికొస్తే ఉండు. లేకపోతే జగ్గయ్యపేట బస్సెక్కు." ఎక్కి వచ్చి నేనక్కడ ఏ గుమ్మంలో దిగను? నాన్న కిరాణా కొట్టులో ఇప్పుడు ఎవరో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. సరే, పెట్టించుకున్నాను.

మెషీన్లు అమర్చిన అమ్మాయి, "అంకుల్, మొదట్లో రోజుకు నాలుగు గంటలే పెట్టుకోండి, మెదడు అలవాటు పడాలి" అంది. "అదుంటే ఇక్కడికెందుకొస్తానమ్మా" అన్నాను. నవ్వింది. ఆ నవ్వు గాజు పెంకుల మీద నడిచినట్టు వినపడింది. నాన్న నీకు విజయవాడ నుంచి తెచ్చిన మెషీన్‌లా సిగరెట్ పెట్టెంత డబ్బా, మెడలో తీగా ఇప్పుడు లేవు. చెవి వెనక చిక్కుడు గింజంత ఉంటుంది. చొక్కా గుండీకన్నా చిన్న బ్యాటరీ, పడిందంటే వంగి నేలంతా దేవులాడాలి.

పెట్టుకుని బయటికి వస్తే ఎవడో నా వెనకే నడుస్తున్నాడు. మూడుసార్లు తిరిగి చూశాను. నా చెప్పులే. అన్నం తింటే గేదె నెమరేస్తున్నట్టుంది. దగ్గితే ఇంట్లో ఇంకెవరో ఉన్నట్టుంది. నా గొంతు బిందెలోంచి వచ్చినట్టుంది. ఇంత దరిద్రపు గొంతుతో ఇన్నేళ్ళూ జనాన్ని ఎగతాళి చేశానా అనిపించింది. పని చూస్తే స్టీలు కొట్టులో! గరిటె జారితే పుర్రెలో పిడుగు. పళ్ళాల దొంతర పడిన రోజు మెషీన్లు పీకి జేబులో వేసుకుని దొడ్లోకి పారిపోయాను. చెవి దగ్గరికి చెయ్యి పోతే చాలు, కీచుమంటాయి. నీ డబ్బా కీచుమన్నప్పుడు నేను పడీ పడీ నవ్వేవాడిని, గుర్తుందా? లేకేం.

రెండో వారానికి కాస్త కుదుటపడ్డాయి. మనిషి మాట కంటే ముందు చుట్టూ ఉన్న చెత్తంతా వినపడుతుందని అప్పుడే తెలిసింది. ఫ్యాను రెక్క, కవరు గరగర, ఎవరి గాజులు ఎటు కదిలాయో, అన్నీ. నువ్వు ఈ ముక్క నాకెప్పుడూ చెప్పలేదు. నేనెప్పుడు అడిగాను గనక.

కౌంటర్లో ఎత్తు స్టూలు మీద కూర్చునేవాడు దాసు. సాలూరు వాడు, ముప్ఫై ఏళ్ళుంటాయి. లారీ గుద్ది ఒక కాలు వంకరపోయింది, అందుకే షావుకారు వాడికి స్టూలు ఇచ్చాడు. నన్ను వాడి పక్కన నిలబెట్టారు. నా సంగతి తెలుసుగా, వాడు లేచి నడిచినప్పుడల్లా వెనక నేనూ అలాగే ఈడుస్తూ నడిచి పనివాళ్ళను నవ్వించేవాడిని. వాడు అదంతా మనసులో పెట్టుకున్నాడు.

నెల గడువు ఇంకో నాలుగు రోజులుందనగా, ఇక్కడే స్థిరపడిన తెలుగువాళ్ళు పెళ్ళి సారె కొనడానికి వచ్చారు. పెళ్ళికూతురు, తల్లి, మేనత్త. షావుకారు ఎదురుగా కుర్చీలో ఉన్నాడు. దాసు నా వైపు తిరిగి ఏదో చెబుతున్నట్టు పెదాలు ఆడించాడు. మాట రాలేదు. మళ్ళీ ఆడించాడు. రాలేదు. నా చెయ్యి దానంతటదే చెవి దగ్గరికి పోయింది. షావుకారు చూస్తున్నాడు. నా కళ్ళ ముందు జగ్గయ్యపేట బస్సు కనపడింది.

అంతలో ఫ్యాను వినపడింది. మేనత్త గాజులు వినపడ్డాయి. దాసు కంఠం చూస్తే ముడి కదలడం లేదు. ఓరినీ, ఈ ఆట కనిపెట్టినవాడినే నేను! నా దగ్గరా?

చెవి మీద అరచెయ్యి పెట్టి, కొట్టంతా దద్దరిల్లేట్టు అన్నాను. "ఏంటి దాసూ? ఇది స్టీలు కాదా, రేకా? షావుకారు జనానికి అంటగడుతున్నాడా? అయ్యయ్యో, పెళ్ళివాళ్ళ ముందు అలా అనొచ్చా నాయనా!"

పెళ్ళికూతురి తల్లి చేతిలో బిందె కింద పెట్టేసింది.

"ఏటండీ బాబూ! నానేటీ అన్లేదు, ఒట్టు!" అన్నాడు దాసు.

"అనకపోతే పెదాలెందుకు ఆడాయిరా? నేనూ చూశాగా!" అని షావుకారు లేచాడు.

వాడేం చెబుతాడు? నిజం చెబితే చెవిటివాడిని ఎగతాళి చేసినట్టు, చెప్పకపోతే కొట్టును తిట్టినట్టు. ఈసారి నిజంగానే మాట రాలేదు వాడికి. "ఊరికే... సరదాకండి" అన్నాడు చివరికి.

పెళ్ళివాళ్ళు వెళ్ళిపోయారు. షావుకారు వాడి స్టూలును కాలితో ఒక్క తోపు తోసి, "దిగు" అన్నాడు. మెషీన్లు పెట్టుకున్నాక అంత తేటగా విన్న మొదటి మాట అదేనక్కా. ఎంత హాయిగా ఉందో!

మర్నాటి నుంచి స్టూలు నాది. దాసును ఇంద్రావతి ఏటి అవతల గోడౌనుకు పంపారు, మూటలు దించడానికి. సరుకు తెచ్చినప్పుడు కనపడతాడు. ఇదివరకు వాడి కుంటి నడక కళ్ళతోనే చూసేవాడిని. ఇప్పుడు వినపడుతోంది. ఒక చెప్పు టక్కుమంటుంది, రెండోది సర్రున ఈడుస్తుంది. నేను స్టూలు మీద కాళ్ళూపుతూ కూర్చుంటాను.

ఇదంతా ఆదివారం మీకు ఫోన్లో ఆడి చూపించాను కదా. దాసు మొహం, షావుకారు తోపు, అన్నీ. బావగారు దగ్గు వచ్చేదాకా నవ్వారు. శైలజ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నువ్వు నవ్వలేదు. ఫోను లాక్కుని మొహం దగ్గరగా పెట్టుకుని నాతో ఏదో అన్నావు.

వినపడలేదు. మెషీన్లు తట్టాను. మళ్ళీ అన్నావు. తీసి, వాటికి అంటిన గులిమి తుడిచి పెట్టాను. మళ్ళీ అన్నావు. రెండు బ్యాటరీలూ మార్చాను, ఒకటి మంచం కిందకు దొర్లితే బోర్లా పడి తీశాను. నువ్వు ఓపిగ్గా ఆగి, మళ్ళీ అన్నావు. అప్పుడు మీ వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. గట్టిగా, శుభ్రంగా వినపడింది. వెనక నుంచి శైలజ, "ఏమంటున్నావమ్మా, మాట రావట్లేదు" అనడం కూడా వినపడింది.



అంటే నీకు తెలుసు. ఆ రోజే తెలుసు.

నీకు పందొమ్మిది, నాకు పదిహేను. నీకు లెక్క చురుకని, నేను పనికిరానని, నాన్న నిన్ను గల్లాపెట్టె దగ్గర గట్టు మీద కూర్చోబెట్టాడు. నీ గొంతు రోడ్డవతల టైలరు కొట్టు దాకా వినపడేది. కూర్చోవాల్సినవాడిని నేనైతే అది కూర్చుందేమిటని నా కడుపుమంట. జనం నిండుగా ఉన్నప్పుడు ఎదురుగా వచ్చి ఉత్త పెదాలు ఆడించేవాడిని. నువ్వు డబ్బా మీట తిప్పేదానివి. డబ్బా కీచుమనేది. జనం నవ్వేవారు. మూడు రోజులు ఆడించాను. మూడో రోజు నాన్న, "దీనికి మెషీను పెట్టినా అంతే" అని, గట్టు మీది దుమ్ము దులిపినట్టు రెండు వేళ్ళు లోపలి గది వైపు విదిలించి, "దిగమ్మా" అన్నాడు. దిగావు. పెళ్ళయ్యేదాకా లోపల చింతపండు గింజలు తీశావు. డబ్బా అటకెక్కింది. నువ్వు మళ్ళీ ఏ మెషీనూ పెట్టుకోలేదు, గట్టిగా మాట్లాడనూ లేదు. నేను గట్టెక్కి, వచ్చినవాళ్ళందరినీ వెక్కిరించి, కొట్టు మూతపడేదాకా కూర్చున్నాను.

పాడు డబ్బా మోసం చేసిందని నువ్వనుకున్నావని ఇన్నేళ్ళూ నా ధైర్యం. చెవుల్లో మెషీనుంటే చుట్టుపక్కల చప్పుళ్ళన్నీ వస్తాయని, ఎదుటివాడి మాట ఒక్కటే రాకపోతే వాడే దొంగని, చెవులున్న వెధవకు ఎలా తెలుస్తుంది? ఆ రోజు నీకు తక్కెడ పళ్ళెం చప్పుడు వినపడే ఉంటుంది. జనం నవ్వు వినపడే ఉంటుంది. నాన్నతో ఒక్క మాట చెబితే నా వీపు పగిలేది. ఎందుకు చెప్పలేదు? నన్ను కాచావా, దాచుకున్నావా? దాచుకునే ఉంటావు. ఆదివారం వడ్డీతో ఇచ్చావు.

ఏమన్నావో తెలియలేదని అబద్ధమాడను. నాలుగోసారి అంటూ నాన్నలాగే రెండు వేళ్ళు విదిలించావు. "దిగరా" అన్నావు.

నాకు వినపడక కాదక్కా నేనిన్నాళ్ళూ దిగనిది. ఇప్పుడు మాత్రం వినపడాలి. మెషీన్లు పెట్టుకున్నాక లోకంలో ఉన్న పనికిమాలిన చప్పుళ్ళన్నీ విన్నాను, నీ గొంతు ఒక్కటే వినలేదు. ఈ ఉత్తరం అందాక వచ్చే ఆదివారం పదకొండింటికి కొత్త బ్యాటరీలు వేసుకుని కూర్చుంటాను. కుక్కర్ కట్టేయించు. కొట్లో ధరలు చెప్పినంత గట్టిగా, గొంతుతో చెప్పు. ఒక్కసారి చాలు. వినపడితే సోమవారం పొద్దున్నే షావుకారుకు ఉన్నదున్నట్టు చెప్పి స్టూలు దిగుతాను. ఆ తర్వాత నన్ను ఏ బస్సెక్కిస్తాడో ఆయనిష్టం. మళ్ళీ ఉత్త పెదాలే ఆడించావో, కూర్చునే ఉంటాను. కూర్చోవడంలో నా సంగతి నీకు తెలుసు.

బావగారికి నమస్కారాలు. శైలజకు ఆశీస్సులు. పెద్దదానివి, దీవించాలనిపిస్తే దీవించు, తిట్టాలనిపిస్తే తిట్టు. ఏదైనా సరే, బయటికి వినపడేటట్టు.

నీ తమ్ముడు,
కోటిగాడు.