జిలానీ బొమ్మ నడిచిన రోజులు

జూలై 3, 2008

ఆయన పోయి యాభై అయిదో రోజు. ఇద్దత్ ముగిసి నేను గడప దాటడానికి ఇంకా డెబ్బై మూడు ఉన్నాయట. అత్తమ్మ వేళ్ల మీద లెక్కపెడుతుంది. నేను పెట్టను. దాటి ఎక్కడికి పోవాలి?

జూలై 5

ఆయన నడిపిన నెట్ సెంటర్‌ని మస్తాన్ ఖాళీ చేశాడు. ఒక్క కంప్యూటర్ మాత్రం ఇంటికి తెచ్చి ఫోన్ లైనుకి తగిలించాడు. "ఊసుపోకకి ఉంచుకోండి వదినా. మీరు రేపల్లె పుట్టింటికి వెళ్లేటప్పుడు తీసుకుపోతా." మంచివాడే మా మరిది. ఆయన కూలబడిపోయిన కుర్చీ కూడా తెచ్చాడు, ఆలోచించకుండా. గోడవైపు తిప్పి పెట్టాను. స్టూలు మీద కూర్చుంటున్నాను.

జూలై 9

ఆయన ఎప్పుడూ చెప్పే ఆ కంప్యూటర్ ఊరు... "ఆట కాదే సాజిదా, ఊరు. మనుషులుంటారు, నడుస్తారు, మాట్లాడుకుంటారు." అన్నం చల్లారిపోతోందని అరిచేదాన్ని.

ఇవాళ తెరిచాను. పాస్‌వర్డ్ అడగలేదు. ముందు బూడిద రంగు ఆకారం, పైన జిలానీ అని ఆయన పేరు. కాసేపటికి చొక్కా వచ్చింది, పసుపుది. చచ్చినా వేసుకునేవారు కాదు అలాంటిది. తర్వాత ముఖం. ముక్కు ఆయనది కాదు. నిలబడిన తీరు మాత్రం ఆయనదే. లేక నా పిచ్చేమో.

బాణం మీట నొక్కాను. నడిచారు.

ఏడుస్తూనే ఉన్నాను, కరెంటు పోయేదాకా.

జూలై 12

అయిదు నిమిషాలు వదిలేస్తే బొమ్మ తల వాల్చేస్తుంది. చూడలేను. కూర తరుగుతూ మధ్యలో లేచి మీట నొక్కి వస్తున్నాను. అత్తమ్మ— "ఏంటే ఆ పరుగులు?" ఏం చెప్పను.

జూలై 16

ఒకతను పలకరించాడు. ఆ ఊళ్లో ఇసుక ఒడ్డు ఉంది, అక్కడ కూర్చుని ఉన్నాడు. పైన పేరు— ప్రసాద్. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. "భాయ్! రెండు నెలలు ఏమైపోయావ్?"

"ఒంట్లో బాలేదు" అని టైపు కొట్టాను. ఒక్క అబద్ధమే కదా అనుకున్నాను.

జూలై 17

వాళ్లిద్దరి పాత మాటలన్నీ చదివాను. ప్రసాద్‌ది బాపట్ల. కేబుల్ తీగ లాగుతూ డాబా మీంచి పడ్డాడు. నడుం కింద చచ్చుబడి ఆరేళ్లు. అక్క చూసుకుంటుంది. ఆ ఊళ్లో నడవడం అతనికి నేర్పింది ఆయనే. "కాళ్లు నీవి కాకపోతే ఏంటి, పోదామనుకున్న చోటు నీదేగా" అన్నారు.

పదకొండేళ్ల కాపురంలో నాతో ఇలాంటి మాట ఒక్కటి అనలేదు. మంచంలో ఉన్న మనిషి మీద అసూయపడ్డాను. సిగ్గు లేదు నాకు.

జూలై 24

రోజూ మాట్లాడుతున్నాను, జిలానీలాగే. పరాయి మగాడితో మాటలు తప్పు. మరి మాట్లాడేది నా మొగుడి నోరు కదా? ఇది మౌల్వీ సాబ్‌ని ఏమని అడగను?

ఆయన బతికే ఉన్నారని నమ్మే మనిషి భూమ్మీద ఒక్కడే మిగిలాడు. ఆ ఒక్కణ్ణీ పోగొట్టుకోలేను.

ఆగస్టు 2

కొంప మునిగింది.

"భాయ్, కలుద్దామని మాటిచ్చావ్, గుర్తుందా? సూర్యలంక సముద్రం ఒడ్డున. పదో తారీఖు ఆదివారం. అక్క ఆటో మాట్లాడింది. ఆరేళ్ల తర్వాత గుమ్మం దాటుతున్నా, నీ కోసం."

నేను దాటకూడదు. ఆయన రారు.

"రాలేను" అని కొట్టాను. "రాకపోతే చంపేస్తా" అన్నాడు. పక్కన నవ్వు బొమ్మ.

ఆగస్టు 6

చెప్పేశాను. "జిలానీ చనిపోయాడు. మే నెలలో." ఆ పసుపు చొక్కాలో నిలబడి, ఆయన నోటితోనే.

అటునుంచి ఒకటే నవ్వు. "చచ్చినోడు టైపు కొడతాడేంట్రా? బద్ధకం వేస్తే వేసిందని చెప్పు. ఎనిమిదింటికల్లా ఉంటా."

నా పేరు చెబితే సరిపోయేది. చెప్పలేదు. చెబితే ఇక్కడ కూడా ఆయన ఉండరు.

ఆగస్టు 8

ప్రసాద్‌కి నిజం చెప్పి రమ్మని మస్తాన్‌ని బాపట్ల పంపుదామనుకున్నాను. పిలిచాను కూడా. "ఏంటి వదినా?" అన్నాడు. "ఏం లేదు, ఉల్లిపాయలు" అన్నాను.

ఆగస్టు 10, ఆదివారం

వాన. అక్కడా కురుస్తోందా? పొద్దుట నుంచి వండుతూనే ఉన్నాను, ఎవరు తింటారని.

ఆగస్టు 11

ప్రసాద్ లేడు.

ఆగస్టు 12

లేడు.

ఆగస్టు 15

వచ్చాడు.

"పన్నెండింటిదాకా ఉన్నా. వానకి అక్క కొంగు నా నెత్తి మీద పట్టుకుని నిలబడింది. వచ్చిన ప్రతి స్కూటరూ నువ్వే అనుకున్నా. ఎందుకు భాయ్ ఇలా చేశావ్?"

ఇక దాచలేకపోయాను. "నేను సాజిదాని. ఆయన భార్యని. ఆ రోజు రాసింది నిజం."

తర్వాత చూస్తే ఇసుక మీద ఎవరూ లేరు.

మేలో పోయింది ఆయన గుండె ఆగి. ఇప్పుడు నా చేత్తో నేనే చంపాను. ఒక మంచి మనిషిని వానలో కూర్చోబెట్టి మరీ.

ఆగస్టు 23

అత్తమ్మ వెనకనుంచి వచ్చింది, నేను చూసుకోలేదు. తెర వైపు చాలాసేపు చూసింది.

"ఎవరే అది?"

"ఎవరూ కాదత్తమ్మా. ఉట్టి బొమ్మ."

"మా వాడిలా నిలబడ్డాడే..."

ఆమె వెళ్లి పడుకుంది. అన్నానికీ లేవలేదు.

సెప్టెంబర్ 1

ఏమీ లేదు. రేపు రంజాన్ మొదలంటున్నారు.

సెప్టెంబర్ 14

ఇవాళ్టితో సరి. అమ్మ రేపల్లె నుంచి వచ్చి నా బట్టలు సర్దుతోంది. అందరూ నేను విడుదలైనట్టు మాట్లాడుతున్నారు. ఇఫ్తార్ లోపల మస్తాన్ కంప్యూటర్ కోసం వస్తానన్నాడు.

ఆఖరుసారి తెరిచాను. ఒడ్డున ప్రసాద్ ఉన్నాడు.

"వదినా" అన్నాడు. నెల తర్వాత మొదటి మాట. "మిమ్మల్ని బాగా తిట్టుకున్నానండి."

"తిట్టండి."

"ఏడుద్దామంటే రావట్లేదు. ఇదిగో, భాయ్ ఎదురుగా నిలబడే ఉన్నాడు. ఎలా ఏడుస్తాం?"

మళ్లీ అతనే— "ఒక్కసారి నడిపించండి వదినా. ఆ చివరికి. కనపడనంత దూరం. మట్టికి రాలేకపోయాను, కనీసం సాగనంపుతాను."

ఆయన్ని ఒడ్డు చివరి వైపుకి తిప్పి నిలబెట్టాను. అక్కణ్ణుంచి చివర కనిపించడం లేదు. వీధిలో మస్తాన్ బండి ఆగింది. అమ్మతో ఏదో మాట్లాడుతున్నాడు.

ఒక చేత్తో ఇది రాస్తున్నాను. రెండో చెయ్యి బాణం మీట మీద ఉంది, ఇంకా నొక్కలేదు.

"వదినా, ఉన్నారా?" అంటున్నాడు ప్రసాద్.